పాతిపెట్టిన గుడ్డ ఎందుకు కుళ్లలేదు? పిల్లలతో మట్టి ప్రయోగం సరిగ్గా చేయాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడో తరగతి పిల్లలతో జూన్ చివర్లో బడి ఆవరణలో మూడడుగుల గుంట తీయించారు. అరటితొక్క, న్యూస్‌పేపరు, పాత యూనిఫాం గుడ్డ, కాగితపు టీ కప్పు, పాలప్యాకెట్టు, ‘మట్టిలో కలిసిపోతుంది’ అని ముద్రించిన క్యారీబ్యాగు అందులో పాతిపెట్టారు. నెలన్నర తర్వాత తవ్వితే అరటితొక్క ఆనవాలు లేదు. పేపరు సగానికి పైగా మాయం. గుడ్డ, కప్పు, క్యారీబ్యాగు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ‘అయితే గుడ్డ కూడా ప్లాస్టిక్కేనా?’ అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నారు.

పిల్లలు సరిగ్గానే పట్టుకున్నారు. ఆ గుడ్డలో నిజంగానే ప్లాస్టిక్ ఉండి ఉంటుంది. యూనిఫాం బట్ట చాలావరకు పాలియెస్టరు, నూలు కలిపి నేసింది. పాలియెస్టరు అంటే నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్కే, దారంగా తీసినది. కాబట్టి మీ ప్రయోగం విఫలమైందని అనుకోకండి. గుంట లోతు, వస్తువుల ఎంపిక, కొలత మాత్రం మార్చుకోవాలి. అంతకంటే ముందు పిల్లలకు చెప్పే మొదటి వాక్యం మార్చాలి.

‘జీవ విచ్ఛిన్నం’ అనే మాట మొదటిరోజే బోర్డు మీద రాయకండి. ‘కుళ్లింది అంటే ఎవరో తిన్నారు’ అని రాయండి. మట్టి తినదు, వాన తినదు, కాలం తినదు. తినేది బాక్టీరియా, బూజు. వానపాములు, రోకలిబండ పురుగులు, పేడపురుగులు ముక్కలు చేసి వడ్డిస్తాయి. తిన్నదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడుగా, నీరుగా పోతుంది. కొంత వాటి ఒళ్లవుతుంది, కొంత మట్టికి నల్లరంగునిచ్చే హ్యూమస్‌గా మిగులుతుంది. ఈ వాక్యం పట్టుబడితే ఏ వస్తువు చూపించినా పిల్లలు మూడు ప్రశ్నలు వేసుకోగలుగుతారు. తినేవాళ్లు అక్కడ ఉన్నారా? ఆ వస్తువు వాళ్లకు అరిగేదేనా? తినడానికి తగిన తేమ, గాలి, వెచ్చదనం ఉన్నాయా? మీ గుంటలో ఒక్కో వస్తువుకు ఒక్కో ప్రశ్న దగ్గర తేడా వచ్చింది.

రెండో ప్రశ్నకు మన ఇళ్లలోనే చక్కటి ఉదాహరణ ఉంది. అన్నంలోని పిండి పదార్థం గ్లూకోజు గొలుసే. వరిగడ్డిలోని సెల్యులోజూ గ్లూకోజు గొలుసే. కొంకి వేసిన తీరు మాత్రం వేరు. పిండి గొలుసును తెంపే కత్తెర, అంటే ఎంజైము, మన ఒంట్లో ఉంది. సెల్యులోజు కత్తెర మనకు లేదు. ఆవుకూ స్వతహాగా లేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులకు ఉంది. కాగితం, నూలుగుడ్డ, ఎండుటాకు, గోనెసంచి ప్రధానంగా సెల్యులోజే కాబట్టి మట్టిలోని బూజులకు అవి భోజనం. పాలిథీన్ గొలుసులో వరసగా కార్బన్లే ఉంటాయి. కత్తెర దూర్చడానికి అనువైన కొంకి లేదు, పైగా గొలుసు చాలా పొడవు. ఇంతవరకూ చెబితే ఏడో తరగతికి చాలు.

ఇప్పుడు గుంట సంగతి. మూడడుగుల లోతున గాలి తక్కువ, సూక్ష్మజీవులూ తక్కువే. పైన ఉండే జానెడు మట్టిలోనే అసలు పనంతా జరుగుతుంది. 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు చాలు. నల్లరేగడి నేల అయితే వానాకాలంలో నీరు నిలిచి గాలి ఆడదు. అలాంటి చోట మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. ఎర్రనేల, చల్కా నేల అయితే ఇసుక అక్కర్లేదు, ఎరువు కలిపితే సరిపోతుంది. దుకాణంలో దొరికే కొబ్బరిపొట్టు మిశ్రమం మాత్రం వాడకండి. అందులో తినేవాళ్లు తక్కువ. చెట్టు కింద రాలిన ఆకులు తొలగించి తీసిన మట్టి అన్నిటికంటే మేలు.

మీటరు పొడవు, మీటరు వెడల్పు మడి ఒకటి చేయండి. దాన్ని 25 సెంటీమీటర్ల గళ్లుగా విడగొడితే 16 గళ్లు వస్తాయి. ఐదు వస్తువులు, ఒక్కోటి మూడేసి ముక్కలు, మొత్తం 15. వాటిని మూడో వారం, ఆరో వారం, పదో వారం ఒక్కో ముక్క చొప్పున తీయాలి. తీసి చూసి మళ్లీ పాతిపెట్టడం పనికిరాదు. ప్రతి తవ్వకంలోనూ తేమ, గాలి, బూజుపోగులు చెదిరి లెక్క తప్పుతుంది. పదహారో గడిలో పాలప్యాకెట్టు ముక్క పెట్టండి. అది ఈ వ్యవధిలో మారదు కాబట్టి మీ కొలతలకు అదే కాపలాదారు. పదో వారంలో దాని బరువు పెరిగి కనిపించిందంటే ముక్కలు సరిగా కడగలేదని, మట్టి అంటుకుని ఉందని అర్థం.

ముక్కలను నేరుగా మట్టిలో పెడితే తిరిగి దొరకవు. పాత దోమతెర కత్తిరించి 22 సెంటీమీటర్ల సంచులు కుట్టండి. తెర నైలాన్ లేదా పాలియెస్టరుది కావాలి, కుట్టే దారమూ నైలాన్‌దే కావాలి. నూలుదారంతో కుడితే గుడ్డకంటే ముందు కుట్టే కుళ్లి సంచి విచ్చుకుంటుంది. ఎక్కువ బడుల్లో జరిగే పొరపాటు ఇదే. రెండో పొరపాటు కాగితపు చీటీలు. పేరు రాసిన చీటీ కూడా భోజనమే కదా. ఐస్‌క్రీం డబ్బా మూత ముక్క మీద మేకుతో అంకె గీసి సంచిలోనే వేయండి. మార్కరు రాత కొన్నిసార్లు చెరిగిపోతుంది, గీత చెరగదు.

మీ పేపరు సగానికి పైగా మాయమైందన్నారు కదా, అంచులు రంపంతో కోసినట్టు ఉన్నాయా, పక్కన మట్టి గొట్టాలు కనిపించాయా గుర్తు చేసుకోండి. అలా ఉంటే అది చెదల పని. చెదలు కూడా తింటాయి, వాటి పొట్టలోనూ సూక్ష్మజీవులే అరిగిస్తాయి. కానీ నాలుగు రోజుల్లో మోసుకుపోతాయి కాబట్టి ‘నెలన్నరలో కుళ్లింది’ అన్న లెక్క తప్పవుతుంది. దోమతెర సంచి వాటిని కొంతవరకే ఆపుతుంది. గోడ పునాదికి, పాత కలపకు దూరంగా మడి వేయండి. మందు మాత్రం చల్లకండి, మీకు కావలసిన జీవులూ చస్తాయి. పందికొక్కులు, కుక్కలు తవ్వకుండా మడిపైన ఇనుప జాలీ పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి.

తేమకు కొలమానం పిడికిలి. మట్టిని పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, వేలితో పొడిస్తే విడిపోవాలి. వానలు లేని వారంలో రెండు మూడు రోజులకోసారి చూసి చల్లాలి. జులై మొదటి వారంలో మొదలుపెడితే సెప్టెంబరు మధ్యకు పది వారాలు పూర్తవుతాయి, మన వాతావరణానికి అంతకంటే మంచి సమయం లేదు. మార్చిలో మొదలుపెట్టే ప్రయోగం ఎండకు ఎండిపోతుంది. ఎండిపోయిన ఆకును చూపించి ‘కుళ్లింది’ అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఎండడం వేరు, కుళ్లడం వేరు అని వాళ్ల చేతే విడమరిపించాలి.

కాగితానికీ నూలుకూ ఇంకో చిక్కుంది. వాటిలో కార్బన్ దండిగా ఉంటుంది, నత్రజని దాదాపు ఉండదు. తినేవాళ్లు ఒళ్లు పెంచుకోవాలంటే నత్రజని కావాలి. ఎరువు కలపని ఇసుకనేలలో పేపరు నెలల తరబడి అలాగే ఉండటానికి కారణం ఇదే. పిల్లల్లో రైతుల ఇళ్లవాళ్లుంటే జీవామృతం అనే ద్రవ ఎరువు సంగతి వాళ్లే చెబుతారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి. దాన్ని వందో వంతుకు తగ్గించండి: 2 లీటర్ల నీళ్లు, 100 గ్రాముల పేడ, 100 మిల్లీలీటర్ల మూత్రం, 20 గ్రాముల బెల్లం, 20 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. రెండు రోజులు నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలిపి మడి అంతటా సమంగా చల్లాలి. సగం మడికి చల్లి సగం వదిలేస్తే అది మరో ప్రయోగమవుతుంది, అప్పుడు సంచులు రెట్టింపు కావాలి.

ఏ ఐదు వస్తువులు? న్యూస్‌పేపరు, వంద శాతం నూలుగుడ్డ, యూనిఫాం గుడ్డ, కాగితపు టీ కప్పు, ఆ ముద్ర వేసిన క్యారీబ్యాగు. అరటితొక్కకు సంచి అనవసరం. తడి, వెచ్చదనం ఉంటే అది రెండు మూడు వారాల్లో గుర్తుపట్టలేనట్టు అయిపోతుంది, అందులో కొత్తగా నేర్చుకునేది తక్కువ. మాంసం, చేప, నూనె వంటకాలు అసలొద్దు. ఈగలు, పురుగులు పట్టి ఆ వాసనకు పిల్లలు ప్రయోగాన్నే అసహ్యించుకుంటారు.

నూలుగుడ్డ విషయంలో జాగ్రత్త. కొత్త గుడ్డకు గంజి పట్టించి ఉంటుంది. సూక్ష్మజీవులు ముందు గంజి తింటాయి, బరువు తగ్గుతుంది, గుడ్డ కుళ్లిందని మనం మోసపోతాం. వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి ఆరేయండి, లేదా పాత పంచె ముక్క వాడండి. అది నూలేనా అన్నది టీచరు ఒక్కరే, బయట, పట్టకారుతో ఒక పోగు కాల్చి చూడాలి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి నల్లపూస కడుతుంది. యూనిఫాం ముక్క రెండూ చేస్తుంది. పదో వారానికి నూలు చిల్లులు పడి చేతికొస్తే పీలికలవుతుంది. యూనిఫాం గుడ్డలో నూలు పోగులు పోయి, పాలియెస్టరు మాత్రం పలచటి జల్లెడలా మిగలడం మొదలవుతుంది. పిల్లల ప్రశ్నకు జవాబు ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టినప్పుడు దొరుకుతుంది. కుట్టు ఉన్న నూలు చొక్కా చేయి పెడితే ఇంకా బాగుంటుంది. గుడ్డ పోయి కుట్టుదారం ఒక్కటే ఆకారం నిలబెట్టుకుని మిగులుతుంది, ఎందుకంటే కుట్టుదారం ఎక్కువగా పాలియెస్టరుదే.

టీ కప్పు ఇంకా గొప్ప పాఠం. పాతిపెట్టడానికి ముందే ఒక కప్పును రెండు రోజులు నీళ్లలో నానబెట్టి వేళ్లతో రుద్దమనండి. గుజ్జు రాలిపోయి, లోపలి నుంచి సన్నటి పారదర్శకమైన పొర సంచిలా ఊడివస్తుంది. అది పాలిథీన్. టీ కారకుండా ఆపేది అదే. మడిలో కూడా కాగితం పోయి పొర మిగులుతుంది. ఇదే చూపుతో ఇప్పటి విస్తరాకులు పరీక్షించవచ్చు. మోదుగాకుతోనో, ఉత్తరాంధ్ర మన్యంలో అయితే అడ్డాకుతోనో పుల్లలు గుచ్చి కుట్టిన విస్తరి మొత్తం భోజనమే. యంత్రంతో ఒత్తిన వాటిలో కొన్నిటికి ఆకు కింద ప్లాస్టిక్ పొర, అట్ట ఉంటాయి. పైకి రెండూ ఆకులే.

వినాయకచవితి ఈ పది వారాల్లోనో, ఆ దగ్గర్లోనో పడుతుంది. పూజయ్యాక పత్రి పారేయకుండా తెప్పించండి. తులసి, గరిక త్వరగా మెత్తబడతాయి. మామిడి, రావి ఆకులు మొండికేస్తాయి, వాటిలో కలపకు గట్టితనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం, పైన మైనం పూత ఎక్కువ. రావి ఆకును కొన్ని వారాలు నీళ్లలో నానేస్తే మెత్తటి భాగం పోయి ఈనెల వల మిగులుతుంది, పిల్లలు దాన్ని పుస్తకంలో దాచుకుంటారు. ఏది ముందు తింటారు, ఏది చివరకు వదిలేస్తారు అన్నది ఆ వలలో కనిపిస్తుంది. కొబ్బరిపీచు ఏడాది దాటినా ఎందుకు ఉంటుందో దాన్నిబట్టే చెప్పవచ్చు. పత్రిలో ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు విషపూరితం కాబట్టి వాటిని ముందే ఏరేయండి. మట్టి విగ్రహం కుళ్లదని కూడా అప్పుడే చెప్పండి. అది నీళ్లలో విడిపోయి మళ్లీ మట్టే అవుతుంది, దాన్ని ఎవరూ తినలేదు. ఇనుప మేకు తుప్పు పట్టడమూ అంతే, అది రసాయన చర్య. కనబడకుండా పోయినదల్లా కుళ్లినట్టు కాదు.

కొలతకు వద్దాం. వంటింటి త్రాసు గ్రాము కంటే తక్కువ చూపదు, పనికిరాదు. 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు కావాలి. చదరపు మీటరుకు 150 గ్రాములుండే నూలుగుడ్డ 20 సెంటీమీటర్ల చదరం ముక్క 6 గ్రాములు తూగుతుంది, తేడా తెలుస్తుంది. న్యూస్‌పేపరు అదే కొలతకు 2 గ్రాములు కూడా ఉండదు, తడిస్తే మట్టిని విడవదు. కాబట్టి దాన్ని తూచకండి. గళ్ల కాగితం మీద పరిచి ఎన్ని గళ్లు మిగిలాయో లెక్కపెట్టించండి. గుడ్డను పెట్టేముందు, తీసిన తర్వాత కూడా రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, ఒకే పూట, ఒకే వేళకు తూచాలి. వాన ముసురులో నూలు గాలి తేమను పీల్చుకుని బరువెక్కుతుంది.

బరువు కంటే ముందు తగ్గేది బలం. సెంటీమీటరు వెడల్పు పీలిక కత్తిరించి దానికి చిన్న బకెట్ వేలాడదీసి, తెగేదాకా మగ్గుతో నీళ్లు పోయండి. బకెట్ నేలకు నాలుగు వేళ్ల ఎత్తులోనే ఉండాలి, కింద ఇసుక పోయాలి. మూడో వారంలో గుడ్డ చూపుకు బాగానే ఉండి, బరువూ పెద్దగా తగ్గక, బలం మాత్రం బాగా పడిపోయి ఉండవచ్చు. గొలుసులు తెగుతున్నాయి కానీ ముక్కలింకా అక్కడే ఉన్నాయన్నమాట.

తినేవాళ్లు ఉన్నారని నమ్మకం కలగాలంటే మడి ఒక్కటే చాలదు. తరగతి గదిలో లీటరు పట్టే పచ్చడి సీసాలు నాలుగు పెట్టండి. అన్నిటిలో అదే మట్టి, 5 సెంటీమీటర్ల పేపరు ముక్క, నూలు ముక్క గాజుకు ఆనించి. ఒకటి పిడికిలి తేమతో, ఒకటి వారం ఎండబెట్టిన మట్టితో చుక్క నీరు లేకుండా, ఒకటి మట్టిపైన రెండు వేళ్ల నీరు నిలిచేలా, ఒకటి ఉడికించిన మట్టితో. ఉడికించడానికి పాత కుక్కరులో, స్టీలు డబ్బాలో తడి మట్టి పెట్టి, కూత వచ్చాక 45 నిమిషాలు సన్నని మంట మీద ఉంచాలి. మర్నాడు మళ్లీ అలాగే చేయాలి. మొదటిసారి బతికిన సూక్ష్మజీవుల బీజాలు రాత్రికి మొలకెత్తితే రెండోసారి చస్తాయి. తర్వాత మరిగించి చల్లార్చిన నీళ్లే పోయాలి. ఆ సీసాను మూత తీయకుండా ఉంచినా మూడు నాలుగు వారాలకు ఎక్కడినుంచో బూజు వస్తుంది కాబట్టి ఫలితం రెండు మూడు వారాల్లోపు రాసుకోండి. మిగతా మూతలు వదులుగా ఉంచాలి. సీసాలకు నల్లకాగితం చుట్టకపోతే వెలుతురుకు పాచి పట్టి పచ్చగా కప్పేస్తుంది. నీరు నిలిచిన సీసాలో కుళ్లిన గుడ్డు వాసన వస్తే భయపడక్కర్లేదు, గాలి లేనిచోట బతికే బాక్టీరియా వదిలే వాయువది.

తిన్నది ఎక్కడికి పోయిందో చూపించడానికి సున్నపుతేట ఉంది. లీటరు నీళ్లలో చెంచాడు తాంబూలం సున్నం కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట మాత్రం వంచుకోండి. గట్టిగా మూతపడే రెండు సీసాలు తీసుకుని, ఒకదానిలో తడిమట్టి, తరిగిన అరటితొక్క, రెండోదానిలో ఉడికించిన మట్టి ఒక్కటే వేయండి. రెండింటిలోనూ తేట పోసిన చిన్న గిన్నె పెట్టి మూసేయండి. ఒకటి రెండు రోజుల్లో మొదటిదానిలో తేట మీద తెల్లటి పొర కడుతుంది. తొక్కలోని కార్బన్ గాలిలోకి వెళ్లి సున్నానికి చిక్కింది. ఈ ప్రయోగం వదిలేయకండి. మాయమైనది ‘మట్టిలో కలిసింది’ అన్న అపోహ దీంతోనే పోతుంది. తేట కళ్లలో పడితే ప్రమాదం, పోసే పని పెద్దవాళ్లది.

ఇక ఆ క్యారీబ్యాగు. మన దేశంలో కంపోస్టబుల్, అంటే ఎరువుకుప్పలో కుళ్లే ప్లాస్టిక్ అమ్మాలంటే ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణానికి సరిపోవాలి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. కవరు మీద ఆ వివరాలు లేకుండా ఆకుపచ్చ ఆకు బొమ్మ ఒక్కటే ఉంటే నమ్మక్కర్లేదు. వివరాలున్నా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ప్రమాణంలోని పరీక్షలు దాదాపు 58 డిగ్రీల వేడి ఎరువులో చేస్తారు. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదో వంతుకు మించి మిగలకూడదు, 6 నెలల్లోపు కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడుగా మారాలి. మీ మడిలో మట్టి 25, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. సంచి కొత్తదానిలా ఉండటంలో వింతలేదు, మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండేలా పచ్చిగడ్డి, ఎండుటాకులు, పేడ కలిపి కుప్ప వేస్తే నాలుగైదు రోజుల్లో లోపల 55 డిగ్రీలు దాటవచ్చు. ఇంకో ముక్కను దోమతెరలో కట్టి ఆ కుప్ప నడుమ పెట్టి పోల్చండి. మరో రకం సంచులు ఎండకు పొడిపొడిగా రాలిపోతాయి. అవి మామూలు ప్లాస్టిక్‌లో మందు కలిపినవి. ముక్కలైనంత మాత్రాన ఎవరూ తిన్నట్టు కాదు.

గోడల మీద ‘ప్లాస్టిక్ సీసా 450 ఏళ్లు, సంచి 1000 ఏళ్లు’ అని అతికించే పట్టికలను దయచేసి బట్టీ పట్టించకండి. పాలిథీన్ కనిపెట్టిందే 1933లో. అన్నేళ్లు కూర్చుని చూసినవాళ్లు లేరు, అవి అంచనాలు. పైగా వస్తువుకు ఒకే అంకె ఉంటుందన్న భ్రమ కలుగుతుంది. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రాత్జే 1973లో మొదలుపెట్టిన చెత్త పరిశోధనలో భాగంగా డంపింగు యార్డులను తవ్వితే, దశాబ్దాల నాటి న్యూస్‌పేపర్లు చదవడానికి వీలుగా బయటపడ్డాయి. తేమ, గాలి అందలేదు కాబట్టి తినేవాళ్లకు పని సాగలేదు. పట్టికలో పేపరుకు కొద్ది వారాలని రాసి ఉంటుంది. మీ మడి పేపరు, నాలుగు సీసాల పేపర్లు, ఆ యార్డు పేపరు ఒకే కాగితానికి ఎన్ని జవాబులో చెబుతాయి.

ప్లాస్టిక్ తినే బాక్టీరియా ఉందట కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. జపాన్‌లోని సకాయ్ నగరంలో దొరికిన ఐడియోనెల్లా సకాయెన్సిస్ గురించి 2016లో ప్రకటించారు. ప్రయోగశాలలో 30 డిగ్రీల దగ్గర పలుచటి పెట్ పొరను సుమారు 6 వారాల్లో తినగలిగింది. అది పాలిథీన్‌ను తినదు, సీసాలోని గట్టి పెట్‌ను కూడా అంత తేలిగ్గా తినలేదు.

తవ్వే రోజు చేతి తొడుగులు, మాస్కులు ఉండాలి, ఆయాసం ఉన్న పిల్లలను రాతపనికి కూర్చోబెట్టండి. బూజు పట్టిన సీసాల మూతలు తరగతి గదిలో తెరవకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. చివరి సంచి తీశాక మడి మట్టినంతా 2 మిల్లీమీటర్ల జల్లెడతో జల్లించండి. దిగిన మట్టి మొక్కలకు, పైన మిగిలిన పీచు, ఈనెలు తిరిగి ఎరువుకుప్పకు. కప్పు పొరలు, పాలియెస్టరు పీలికలు, పాలప్యాకెట్టు, దోమతెర సంచులు కడిగి ఆరబెట్టి పొడిచెత్తలో వేయండి. వేసేముందు వాటన్నిటినీ ఒకసారి తూచి, ఆ అంకెను నోటుపుస్తకంలో చివరి వరుసలో రాయించండి.